వంపు దగ్గర మోత

"తాళం తీయండి మామయ్యా."

"తీయను."

"తీయకపోతే పోనీ, పక్కకు జరగండి. గడియ నేనే ఊడదీసుకుంటాను."

కోడలి చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. ఉత్తమాట అనడానికి వచ్చిన మనిషి స్క్రూడ్రైవరు తెచ్చుకోదు.

పెద్దమేస్త్రి, కట్టుడు పాదాలు చేసే షెడ్డు తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. బుధవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వచ్చీ రాగానే వేసిన తాళం అది. శుక్రవారం పొద్దున దాకా తీయలేదు. తాళంచెవి చొక్కా పై జేబులో ఉంది. భోజనానికి వంగినప్పుడు కూడా జారకుండా ఒక చేత్తో జేబు పట్టుకుని మరీ తిన్నాడు.

"నా కూతురు నిచ్చెన మీంచి పడింది," అన్నాడు. "పడింది నీ పొడి వేసిన పాదంతో. ఇంక ఈ షెడ్డులో ఆ పొడి ఉండదు. పొడి ఉంటే నేనుండను."

"నా పేరు పెట్టి మీరు కొట్టుకోకండి," అంది వంటింట్లోంచి కూతురు. "నేనింకా బతికే ఉన్నాను."

వంటింటి తలుపు పెరట్లోకి ఉంటుంది. తలుపుకు ఎదురుగా కుర్చీలో కూర్చుంది ఆమె. కుడి భుజానికి కట్టు, కుర్చీకి ఆనించి రెండు చంకకర్రలు. ఎదురుగా బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద విరిగిన పాదం పెట్టారు. రెండు రోజులుగా ఆ బల్ల మీదే ఉంది. ఎవరూ తీయలేదు. దాని పక్కనే కంచాలు పెట్టుకుని తింటున్నారు.

రేవు యార్డులో ఆమెను క్రేనమ్మ అంటారు. ఎడమ మోకాలి కింద కాలు పోయి తొమ్మిదేళ్ళు. పోయాకే క్రేను నడపడం నేర్చుకుంది. 'పైకెక్కి కూర్చునే పనికి ఎన్ని కాళ్ళు కావాలి?' అని దరఖాస్తులో రాసిందట. యార్డులో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

ఎక్కి కూర్చోవాలంటే మాత్రం నూట పన్నెండు మెట్లు. నిటారు నిచ్చెన. బుధవారం నాలుగో మెట్టు మీద పాదం విచ్చుకుంది. నాలుగోది గనక భుజంతో పోయింది. ఎనభయ్యోది అయితే? ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. అందరూ అనుకున్నారు.

సేఫ్టీ ఆఫీసరు ఆసుపత్రికి వచ్చి ఒకే మాట చెప్పి వెళ్ళాడు. సోమవారం పది గంటలకు ఆయన కళ్ళ ముందు నూట పన్నెండు మెట్లూ ఎక్కి దిగాలి. లేదంటే సీటు పొడుగాయనది. యార్డులో ఇంకో ఆపరేటరు పొడుగాయన, ఏడాదిగా ఆ సీటు కోసమే కాచుకుని ఉన్నాడు.

"పాత రకం నేను చేసిస్తాను," అన్నాడు పెద్దమేస్త్రి. "ఉత్త కార్బన్ బట్ట, ఉత్త రెసిన్. ఆదివారానికి చేతిలో పెడతాను."

"పాత రకం ఎన్నాళ్ళుంది నాన్నా?"

"ఏడు నెలలు."

"దానికి ముందుది?"

"ఎనిమిది."

"రెండూ ఎక్కడ విచ్చుకున్నాయి?"

వంపు దగ్గర. అది ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

కార్బన్ పోగు గట్టిదే. పొడవునా లాగితే ఉక్కు కూడా దాని ముందు దిగదుడుపు. కానీ పాదం ఒక పోగు కాదు. ఇరవై ఎనిమిది పొరల బట్ట. పొరనూ పొరనూ పట్టి ఉంచేది రెసిన్ అనే జిగురు ఒక్కటే. అడుగు పడ్డప్పుడల్లా మడమ పైన వంపులో పొరలు ఒకదాని మీద ఒకటి జరగాలని చూస్తాయి. ఏదో ఒక రోజు జరుగుతాయి. తడిసిన అట్టముక్క విచ్చుకున్నట్టు విచ్చుకుంటాయి.

కోడలు ఈ ఇంటికి రాకముందు ఒక కాలేజీ లేబరేటరీలో పనిచేసేది. వస్తూ వస్తూ ఆ పొడి సంగతి తెచ్చింది. నానోట్యూబులు. అవీ కార్బనే, గొట్టాల్లా ఉంటాయి. వెంట్రుకను నిలువునా కొన్ని వేల చీలికలు చేస్తే ఒక చీలిక ఎంత సన్నమో అంత సన్నం. పొరల నడుమ రెసిన్‌లో అవి అడ్డదిడ్డంగా నాటుకుంటే పొరను పొర వదలదంటుంది. మామగారు ఆమెను ప్రొఫెసరమ్మ అనడం అప్పటి నుంచే.

"ఏడు నెలలు ఎక్కడ, నీ పొడి పాదం పదకొండు రోజులు ఎక్కడ!" అన్నాడు పెద్దమేస్త్రి. "చెప్పు ప్రొఫెసరమ్మా."

కోడలి ముఖం కందింది. అయినా తల దించలేదు.

"అందుకే కోసి చూద్దామంటున్నాను. విరిగినదాన్ని కోసి చూడకుండా కొత్తది మొదలుపెట్టకూడదని ఈయనకు నేర్పింది మీరే కదా?"

ఈయన అంటే పెద్దమేస్త్రి కొడుకు. మెట్ల మీద కూర్చుని, తన సంగతి కాదన్నట్టు చెప్పు పట్టీ పెట్టుకుంటున్నాడు.

"ఇంత జరిగినా దీని నోరు చూడండి," అంది అత్తగారు.

"నోటితో పని లేదత్తయ్యా. రంపం కావాలి."

"రంపం షెడ్డులో ఉంది. షెడ్డుకు తాళం ఉంది," అన్నాడు పెద్దమేస్త్రి.

"నా బండి డిక్కీలో ఒకటుంది," అన్నాడు కొడుకు.

తండ్రి అతని వంక చూశాడు. "నిన్నెవరన్నా అడిగారా?"

"అడగలేదు. ఉందని చెప్పాను."

పెరట్లో బట్టలుతికే రాయి మీద పెట్టి కోశారు. దుమ్ము లేవకుండా కోడలు చెంబుతో సన్నగా నీళ్ళు పోసింది. భర్త రంపం పట్టాడు. ఇద్దరూ మూతికి మాస్కులు కట్టుకున్నారు. పెద్దమేస్త్రి తలుపు దగ్గరి నుంచి కదల్లేదు. మెడ మాత్రం ఇటే చాచాడు.

ముక్కను తుడిచి బల్ల మీదికి తెచ్చారు. అత్తగారు పేపరు చదువుకునే భూతద్దం అడిగి తీసుకుంది కోడలు. మడమ చివర నుంచి వంపు దాకా మెల్లగా జరుపుతూ చూసింది. మళ్ళీ చూసింది.

"తప్పు నాదే," అంది.

అత్తగారు చేస్తున్న పని ఆపింది.

"పొడిని నేను రెసిన్‌లో కలిపాను. ఆ రెసిన్‌ను వాక్యూమ్ పెట్టి బట్టలోకి లాగాం. బట్ట ఏం చేసిందో చూడు వదినా. టీ వడపోసినట్టు వడపోసింది. పొడంతా ఈ చివరే ఆగిపోయింది. ఇదిగో, నల్లగా, ఉండలు కట్టి. ఆ ఉండలు దారికి అడ్డం పడ్డాయి. వంపు దగ్గరికి పొడి రాలేదు, వట్టి రెసిన్ అయినా సరిగ్గా రాలేదు. ఇక్కడ తేనె రంగు కనపడుతోంది చూడు. ఇక్కడైతే అదీ లేదు. ఎండిపోయింది."

"ఒప్పుకుంది," అంది అత్తగారు పెరట్లోకి వినపడేట్టు. "విన్నారా? ఒప్పుకుంది."

"తప్పు ఒప్పుకున్నానత్తయ్యా. పని మానేస్తానని ఒప్పుకోలేదు."

క్రేనమ్మ భూతద్దం అందుకుని చూసింది. నలుపు చూసింది. తేనె రంగు చూసింది. ఎండిన చోటు చాలాసేపు చూసింది. తరవాత తల ఎత్తి పెరట్లోకి కేకేసింది.

"నాన్నా, ఒకసారి ఇలా రా."

వచ్చాడు. గడప దగ్గర ఆగాడు.

"నువ్వు దీన్ని మోగించావు కదా?"

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ పాదమైనా పెద్దమేస్త్రి మోగించకుండా గడప దాటదు. ఎప్పుడో చెల్లకుండా పోయిన మందపాటి నాణెం ఒకటి ఆయన దగ్గర ఉంది. దాని అంచుతో వేలి వెడల్పుకు ఒక దెబ్బ చొప్పున, వేళ్ళ కొస నుంచి మడమ దాకా కొడుతూ పోతాడు. పొరలు అతుక్కున్న చోట ఖంగుమంటుంది. విడిన చోట మొద్దుగా పలుకుతుంది. ఆయన మోగిస్తుంటే ఫ్యాను ఆపేయాలి. ఎవరూ మాట్లాడకూడదు.

"మోగించాను," అన్నాడు.

"ఇంత ఎండిపోయిన చోటు నీ చెవికి తెలియలేదా?"

పెద్దమేస్త్రి కూతురి వంక చూడలేదు. గడప చెక్క మీద పెచ్చు లేచిన రంగును గోటితో గీరాడు.

"నాన్నా."

"తెలిసింది."

అత్తగారు భర్త వైపు తిరిగింది.

"వంపు దగ్గర మొద్దుగా పలికింది," అన్నాడు. "మూడుసార్లు కొట్టి చూశాను."

"మరి చెప్పలేదేం?"

"ఆర్నెల్ల నుంచి చెబుతూనే ఉన్నానుగా! పొడి వేసిన నమూనాల మోత వేరుగా ఉందని. మొదటిసారి చెబితే ఏమన్నారు? 'మీ చెవికి కొత్త మామయ్యా' అని నవ్వారు. రెండోసారి చెబితే వీడూ నవ్వాడు. మీ అమ్మా నవ్వింది. ఇంక ఎన్నిసార్లు చెప్పను? ఇదీ అలాంటిదేలే అనుకున్నాను. చెప్పి మళ్ళీ నవ్వించుకోవడం దేనికని..."



కోడలు భూతద్దాన్ని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది. "నవ్వింది నేను," అంది. "కాదనను. నవ్వితే నా మీద అరవాలి మామయ్యా. ఊరుకోవడమేమిటి?"

"నువ్వుండు," అంది క్రేనమ్మ. తండ్రి వంకే చూస్తోంది. "ఆ నాలుగో మెట్టు మీద నన్ను చూసి నవ్వడానికి ఎవరూ లేరు నాన్నా."

అత్తగారు లేచింది. బల్ల మీద ఆయన కోసం పెట్టిన మంచినీళ్ళ గ్లాసు తీసి సింకులో పారబోసింది. ఆయన ఇంకా తాగలేదు.

పెద్దమేస్త్రి జేబులోంచి తాళంచెవి తీసి బల్ల చివర పెట్టాడు.

"అక్కడ పెట్టడం కాదు," అంది క్రేనమ్మ. "నువ్వే వేశావు, నువ్వే తియ్. తీసి లోపలికి నడువు. నువ్వూ నడవవే మరదలా. నాకు పాత రకం వద్దు, ఏడు నెలలకోసారి ఎక్కడ పడతానా అని చూసుకుంటూ బతకలేను. ఒక్కటే షరతు. ఎవరికి అనుమానం వచ్చినా నోరు తెరిచి చెప్పాలి. చెప్పాక రెండోవాళ్ళు నవ్వకూడదు. ఆ అనుమానం తీరేదాకా అది నా కాలికి ఎక్కదు."

"సోమవారానికి అవుతుందా?" అంది అత్తగారు.

"గుమ్మంలో నిలబడితే అవ్వదు," అంది కూతురు.

*

పొడిని రెసిన్‌లో కలపడం మానేశారు. ఈసారి కోడలు దాన్ని ఒక ద్రావకంలో వేసి, కంటికి కనపడకుండా అదిరే యంత్రంలో ఉండలు విడిపోయేదాకా ఉంచింది. ఆ నల్లనీళ్ళను పిచికారీతో ముందే బట్ట మీద కొట్టాలి, వంపు వచ్చే చోట మాత్రమే. ఆరబెట్టాలి. ఆ తరవాతే వట్టి రెసిన్ లాగాలి. పొడి అప్పటికే పొరల నడుమ ఉంటుంది కాబట్టి వడకట్టడానికి బట్టకు ఏమీ మిగలదు.

ఇద్దరూ మాస్కులు పెట్టుకుని పిచికారీ పెట్టె ముందు నిలబడ్డారు. మాస్కుల వెనక మాట సరిగ్గా వినపడదు. ఆ ఇంట్లో ఆ రోజుకు అదే మంచిదయింది.

మొదటి బట్ట మీద కోడలు కొట్టింది. నలుపు చారికలు కట్టి కిందికి జారింది. పెద్దమేస్త్రి ఏదో అన్నాడు.

"ఏంటి?"

ఆయన మాస్కు కొంచెం కిందికి లాగాడు. "తుంపర పడాలి. నువ్వు వాన కురిపిస్తున్నావు."

"మాస్కు పైకి పెట్టుకోండి."

"పడవలకు రంగు కొట్టినవాణ్ణి. ఇలా ఇవ్వు."

ఇచ్చింది. ఆయన మోచెయ్యి కదలకుండా మణికట్టుతోనే అటూ ఇటూ ఆడించాడు. బట్ట మీద నలుపు పడిందో లేదో తెలియనంత పలచగా పడింది. ఆరనిచ్చి మళ్ళీ కొట్టాడు. ఆరనిచ్చి మళ్ళీ. నాలుగు పూతలకు బట్ట ఒకే రంగుకు వచ్చింది. చారిక లేదు, చుక్క లేదు.

కోడలు బట్టను వెలుగుకు ఎత్తి చూసింది. మాస్కు వెనక ఏదో అంది.

"ఏమన్నావు?"

"ఏం లేదు. రెండో బట్ట తీసుకోమన్నాను."

శనివారం అచ్చులో పొరలు పరిచారు. పాదం వెడల్పుకు రెండింతల పలక ఒకటే చేసి, ఓవెన్‌లో గట్టిపడ్డాక నిలువునా రెండుగా కోయాలని కోడలి ఆలోచన. ఒకే బట్ట, ఒకే రెసిన్, ఒకే వేడి. ఒకదాన్ని బరువుతో నొక్కే ప్రెస్సులో పెట్టి విరగ్గొట్టవచ్చు. విరిగినదాన్ని బట్టి మిగిలినదాని సత్తువ తెలుస్తుంది. ఉన్న బట్టంతా ఆ ఒక్క పలకకు సరిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం మొదటి దాన్ని ప్రెస్సుకు ఎక్కించారు. పిడి తిప్పుతున్నది పెద్దమేస్త్రి. పాత పాదాలు మూడు వందల ఎనభై కిలోల దగ్గర వంపులో విచ్చుకునేవి. గేజీ మీద అక్కడ ఎర్ర గీత గీసి ఉంది. ముల్లు ఎర్రగీతను దాటింది. ఆయన పిడి ఆపాడు.

"తిప్పు," అంది క్రేనమ్మ.

నాలుగు వందల యాభై. పాదం విల్లులా వంగింది. ఐదు వందలు. ఐదు వందల ముప్పై దగ్గర తుపాకీ పేలినట్టయింది. అందరూ తలలు వంచుకున్నారు. చూస్తే వంపు చెక్కుచెదరలేదు. బోల్టు రంధ్రం దగ్గర విరిగింది.

కొడుకు ఈల వేశాడు. అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుంది. కోడలు నవ్వబోయి ఆగి, మామగారి వంక చూసింది.

"బోల్టు దగ్గర ఇంకో రెండు పొరలు వెయ్యాలి," అన్నాడాయన.

ఆ నోటి నుంచి అంతకన్నా పెద్ద మెప్పు ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

ఇక మిగిలింది రెండోది. ఫ్యాను ఆపేశారు. పెద్దమేస్త్రి నాణెం తీశాడు.

వేళ్ళ కొస నుంచి మొదలుపెట్టాడు. ఖంగు, ఖంగు, ఖంగు. వంపు దగ్గరికి వచ్చాడు. కొట్టాడు. ఆగాడు. ఒక వేలు వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చి కొట్టాడు. నాణెం బల్ల మీద పెట్టేశాడు.

"చెప్పు," అంది క్రేనమ్మ.

"ఏం లేదు."

"నాన్నా. షరతు."

ఆయన నాణెం మళ్ళీ చేతిలోకి తీసుకుని తిప్పాడు. చివరికి సుద్దముక్కతో వంపు లోపలి వైపు గోరంత చుక్క పెట్టాడు. "ఇక్కడ. మొద్దుగా ఉంది."

ఎవరూ నవ్వలేదు.

కోడలు తన మీటరు తెచ్చింది. నానోట్యూబుల గుండా కరెంటు పారుతుంది. పొరలు అతుక్కుని ఉంటే ఇటు నుంచి అటుకు తేలిగ్గా పోతుంది. విడిపోయిన చోట అంకె అమాంతం పెరిగిపోతుంది. సుద్దచుక్క మీద పెట్టింది. పక్కన పెట్టింది. మళ్ళీ చుక్క మీద. మూడుసార్లూ ఒకటే అంకె.

"మీటరు బాగుందంటోంది," అన్నాడు కొడుకు. "ఇంకెందుకు? అక్క రేపు పదింటికి ఎక్కాలి. కొత్తది చెయ్యాలంటే బట్ట తెప్పించాలి, గురువారం దాకా పడుతుంది."

"అవునురా," అన్నాడు పెద్దమేస్త్రి గబగబా. "నాకు చెవులు పోయాయి. అంతే. తొడుక్కోవే అమ్మా."

"తొడుక్కోవద్దు వదినా," అంది కోడలు.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"మీటరు నీదేగా!" అన్నాడు భర్త.

"మీటరు నాదే. చెవి ఆయనది. మీటరు మీద నాకు నమ్మకం లేదని కాదు. ఆయన విన్నారు. విని ఇప్పుడు మన కోసం వినలేదంటున్నారు. మొన్న చేసిందీ ఇదే. కోసి చూడాలి."

"కోస్తే ఇంకేముంది?" అంది అత్తగారు. "చేతిలో ఉన్నదాన్ని కోసుకుంటారా? రేపు ఏం పెట్టుకుని ఎక్కుతుందే అది?"

"నేను పొరబడ్డానంటున్నానుగా!" అన్నాడు పెద్దమేస్త్రి. గొంతు పెరిగింది.

"పొరబడ్డారని మీకు ఎలా తెలుసు? కోశారా?"

"ప్రొఫెసరమ్మా, పంతానికి పోకు!"

"పంతమే. పోతాను."

"అయ్యిందా?" అంది క్రేనమ్మ. "నా కాలు గురించి మీరు మాట్లాడుకోవడం అయ్యిందా?"

ఆమె చంకకర్రల మీద లేచి, పాదాన్ని తీసుకుని, బెంచి పట్టులో బిగించింది. సుద్దచుక్క మీద రంపం పెట్టింది. భుజం సలుపుతుంటే పళ్ళు బిగపట్టింది. తమ్ముడు వచ్చి రంపం రెండో కొస పట్టుకున్నాడు. మరదలు నీళ్ళు పోసింది.

పావుగంట పట్టింది.

కోడలు ముందు చూసింది. తరవాత భూతద్దం మామగారికి ఇచ్చింది.

ఆయన చూశాడు. ముక్కను తిప్పి చూశాడు. వెలుగులోకి తీసుకెళ్ళి చూశాడు. పొరలన్నీ నల్లగా, ఒత్తుగా, ఒకటే ముద్ద. సుద్దచుక్క కింద చీలిక లేదు, ఎండిన చోటు లేదు, తేనె రంగు లేదు.

"ఏమీ లేదు," అన్నాడు. బోర్లించిన డబ్బా మీద కూలబడ్డాడు. "బంగారం లాంటి పాదం. నా చెవి తినేసింది."

అత్తగారు ఏదో అనబోయింది. ఆయన ముఖం చూసి రంపం తీసి పక్కన పెట్టింది.

క్రేనమ్మ రెండు ముక్కలూ చేతుల్లోకి తీసుకుంది. "లోపల బాగుందా?" అని మరదలిని అడిగింది.

"చాలా బాగుంది వదినా."

"అయితే ఇలాంటిదే ఇంకోటి చేయండి. బోల్టు దగ్గర రెండు పొరలు ఎక్కువ వేసి."

"మరి రేపు?" అంది తల్లి.

"రేపు పదింటికి నేను వెళ్తాను."

"ఏ కాలుతో వెళ్తావే?"

"ఉన్న కాలుతో."

"సీటు పోతుందే!"

"నేను పోనిస్తేనా?"

పెద్దమేస్త్రి నాణెం తీసి బెంచి మీద కోడలి వైపు నెట్టాడు. "నేనింక మోగించను. ఇది పారేయండి."

కోడలు నాణేన్ని ముట్టుకోలేదు. కోసిన ముక్కలు రెండూ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ప్రెస్సులో విరిగినదీ పెట్టింది. బుధవారం విచ్చుకున్నదీ తెచ్చి పక్కన పెట్టింది. మీటరు వైర్లు విప్పింది.

"పొడి వేస్తే మోత మారుతుందని ఆర్నెల్ల క్రితం మొదట చెప్పింది మీరు," అంది. "నా దగ్గర ఉన్న పుస్తకాల్లో ఆ సంగతి నాకు కనపడలేదు. ఎంత మారుతుందో, బాగున్నది ఎలా మోగుతుందో, చెడింది ఎలా మోగుతుందో మీరే చెప్పాలి. ఇవి బాగున్నవి. ఇది చెడింది. కొట్టండి, నేను అంకెలు రాసుకుంటాను."

"కొట్టను."

"కొట్టకపోతే ఇక్కడే కూర్చుంటాను."

"కూర్చో."

కూర్చుంది.

*

సోమవారం పొద్దున క్రేనమ్మ చంకకర్రలతో పెరడు దాటుతుంటే షెడ్డులోంచి చప్పుడు వినపడింది. ఒక దెబ్బ. కాస్త ఆగి కోడలి గొంతు, ఏదో అంకె. ఇంకో దెబ్బ. ఇంకో అంకె. "కాదు, మళ్ళీ కొడతాను ఉండు," అన్న తండ్రి గొంతు. ఆమె లోపలికి తొంగి చూడలేదు. బస్సు వేళయింది.

పది గంటలకు సేఫ్టీ ఆఫీసరు నిచ్చెన దగ్గర చేతిలో రాసుకునే అట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె చీర అంచు కిందికి చూశాడు.

"పాదం ఏదమ్మా?"

"ఇంట్లో ఉంది. రెండు ముక్కలుగా."

"మళ్ళీ విరిగిందా?"

"విరగలేదు. మేమే కోశాం."

"ఏం, బాగాలేదా?"

"బాగుంది."

ఆయన కళ్ళజోడు తీశాడు. "బాగున్నదాన్ని కోసుకున్నారా?"

"బాగుందని కోశాకే కదండీ తెలిసింది. మా నాన్నకు అనుమానం వచ్చింది. అనుమానం ఉన్న పాదంతో మీ ముందు నూట పన్నెండు మెట్లూ ఎక్కేసేదాన్నే. మీరు సంతకం పెట్టేసేవాళ్ళే. అలా ఎక్కకూడదనే కదా మీ ఉద్యోగం?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"గురువారం కొత్తది అవుతుంది," అంది. "శుక్రవారం పదింటికి ఎక్కుతాను."

"నేను సోమవారం అన్నాను."

"అన్నారు."

"రేవులో మూడు లారీలు కాచుకుని ఉన్నాయి. నీ కోసం ఇంకో నాలుగు రోజులు క్రేను ఆపలేను." ఆఫీసరు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. "పొడుగాయనా, రావయ్యా."

పొడుగాయన వచ్చాడు. ఆఫీసరు దగ్గర క్రేను తాళంచెవి తీసుకున్నాడు. క్రేనమ్మ ముఖం చూడలేక తాళంచెవినే చూశాడు.

"ఏమనుకోకు క్రేనమ్మా. నాకూ పిల్లలున్నారు."

"ఏమీ అనుకోను. నువ్వు మంచివాడివే. కానీ ఎక్కలేవు."

"ఎందుకెక్కలేను?"

ఆమె అతనికన్నా ముందు కదిలింది. చంకకర్రలు కాంక్రీటు మీద టకటకలాడాయి. నిచ్చెన చుట్టూ ఇనుప కంచె, కంచెకు ఒక మనిషి పట్టేంత సందు. ఆ సందులో మొదటి మెట్టుకు వీపు ఆనించి కింద కూర్చుంది. రెండు చంకకర్రలూ ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది.

లారీల దగ్గర మనుషులు పని ఆపి ఇటు చూశారు. ఒక డ్రైవరు హారను కొట్టబోయి మానేశాడు.

"లేవమ్మా," అన్నాడు ఆఫీసరు.

లేవలేదు.

"నేను పోలీసులను పిలవాల్సి వస్తుంది."

"పిలవండి. వాళ్ళు వచ్చి, రాసుకుని, అడిగి, వెళ్ళేసరికి ఒక పూట గడుస్తుంది. నాకు కావాల్సింది నాలుగు రోజులేగా."

ఎవరో నవ్వారు. ఆఫీసరు చుట్టూ చూశాడు. నవ్విన మనిషి దొరకలేదు.

పొడుగాయన తాళంచెవిని ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకున్నాడు. ఆమెను దాటి పైకి అడుగు వేయాలంటే ఆమె భుజం మీద, కట్టు కట్టిన భుజం మీద, కాలు పెట్టాలి. అతను ఆఫీసరు వంక చూశాడు. ఆఫీసరు నిచ్చెన వంక చూశాడు.

"చివరిసారి అడుగుతున్నాను," అన్నాడు ఆఫీసరు. "లేస్తావా, లేవవా?"

"కాలు రానీయండి," అంది క్రేనమ్మ. "లేస్తాను."